మందు సల్లగుండాలె

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు దడ తగ్గుతుంది, రాసే నాకూ చేయి కుదురుగా ఉంటుంది. ఇది పోయిన ఎండాకాలం జరిగింది. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే మనిషి ఉండి, సెలవుల్లో ఎటైనా పోదామని బట్టలు సర్దుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, సంచి మూతి కట్టేముందు ఇది చదవండి.

మాది గద్వాల. నేను చీరలకు కుచ్చులు వేస్తాను, జాకెట్లు కుడతాను. మా ఆయన శ్రీనివాస్ కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మాకు ఒక్కతే కూతురు, నవ్య, అప్పుడే ఏడో తరగతి పరీక్షలు రాసింది. దాని పసితనంలోనే నాకు షుగర్ బయటపడింది. మాత్రలతో ఆగే రకం కాదు. ఒంట్లో తయారు కావలసిన ఇన్సులిన్ నాకు తయారు కాదు, బయటినుంచి వేసుకోవలసిందే. మా వైపు బట్టలు కుట్టేదాన్నీ సూదే అంటారు, దవాఖానలో పొడిచేదాన్నీ సూదే అంటారు. "పొద్దుగాల లేస్తె సూది, పొద్దుగూకితె సూది, నీ బతుకంత సూది మీదనే ఉన్నదే సుజాతా" అని మా వాడకట్టు ఆడవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఏడిస్తే వాళ్ళు ఇంకో గంట కూర్చుంటారు.

నాకో డబ్బా ఉంది. ప్లాస్టిక్‌దే, ఒకప్పుడు అందులో రస్కులు ఉండేవి. ఇన్సులిన్ పెన్నులు, వాటి సూదులు, షుగర్ చూసుకునే మిషను, దాని పట్టీలు, షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి ఇంత బెల్లం, అన్నీ అందులోనే. ఆ డబ్బాను నేను ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. మా ఆయన ముట్టుకున్నా నాకు చిరాకు. పెళ్ళిళ్ళకు పోయినా పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరుకునేదాన్ని. వేరే ఇంట్లో ఫ్రిజ్ ఉంటుందో లేదో, ఉన్నా కరెంటు ఉంటుందో లేదో, వేళకు తిండి పెడతారో లేదో. ఇన్ని అనుమానాలు మోసుకుని తిరిగేకంటే ఇంట్లో ఉండడమే నయమనిపించేది.

నవ్య ఒకరోజు అన్నం తింటూ అడిగింది. "అమ్మా, మనం ఎప్పుడన్న వేరే ఊర్ల పండుకున్నమా?"

ఆలోచించాను. ఏ ఊరూ గుర్తు రాలేదు. దాని స్నేహితురాళ్ళు సోమశిల పోయి కృష్ణలో బోటు ఎక్కి వచ్చారట. నీళ్ళ మీద గాలి ఎట్లుంటదో చెప్పారట. అది గొడవ చేసి అడిగి ఉంటే నేను గట్టిగా కాదనేదాన్ని. మెల్లగా అడిగేసరికి కాదనలేకపోయాను. నా రోగం నాతోపాటు నా బిడ్డనూ ఇంట్లో కూర్చోబెట్టిందని ఆ రోజు తెలిసింది. ఈసారి దాన్ని బోటు ఎక్కించాల్సిందే అనుకున్నాను.

మే నెల మొదట్లో బయలుదేరాం. మొదటి మజిలీ వనపర్తిలో మా బాలమణి వదిన ఇల్లు. ఆమె మా ఆయనకు అక్క. నాకు రోగం వచ్చిన కొత్తలో మా ఇంట్లోనే ఉండిపోయి, నవ్యకు నీళ్ళు పోసి, నాకు జొన్నరొట్టె చేసి పెట్టిన మనిషి. సూది అంటే మాత్రం ఆమెకు చచ్చేంత భయం. నేను పెన్ను తీస్తే చాలు గోడవైపు తిరుగుతుంది. "అయ్యిందా? అయ్యిందా?" అని అడుగుతూ, అయిందన్నాకే ఇటు చూస్తుంది.

వదిన ఎండాకాలం పాల ఐసు ప్యాకెట్లు చేసి అమ్ముతుంది. అందుకే ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉంది, పై అర నిండా ఐసే. ఇంత భద్రమైన ఇల్లు ఇంకోటి ఉండదనుకుని, నేను ఎవరికీ ఇవ్వని డబ్బాను ఆమె చేతిలో పెట్టాను.

"వదినా, ఇది జర ఫ్రిజ్‌ల పెట్టు. మందు సల్లగుండాలె."

"సల్లగుండాలె అని నాకు చెప్తవా పిల్లా? నా చేతికిచ్చినవు గద, ఇగ పరేషాన్ గాకు."

కాళ్ళకు దండం పెడితే మా పెద్దవాళ్ళు నెత్తిన చెయ్యిపెట్టి అనే మాట కూడా అదే: సల్లగుండు బిడ్డా. ఫోను పెట్టేముందు మా వదిన ప్రతిసారీ ఆ మాట అని గానీ పెట్టదు. అందుకే కాబోలు, మందు గురించి ఆ మాట ఆమెతో అంటుంటే నాకు ఎంతో నిశ్చింతగా అనిపించింది.

సాయంత్రం అందరం శ్రీరంగాపూర్ పోయి రంగనాయకస్వామిని చూసుకుని, చెరువు గట్టున గాలికి కూర్చుని వచ్చాం. రాత్రి సూది వేసుకుని, తిని, డబ్బా మళ్ళీ వదినకే ఇచ్చాను. పడుకునే వేళకు కరెంటు పోయింది. మేం చాపలు తీసుకుని మిద్దె ఎక్కాం. పొద్దున లేచేసరికి వదిన డబ్బాను తడిగుడ్డలో చుట్టి చేతికిచ్చింది. ముట్టుకుంటే చల్లగా ఉంది. మా ఇంట్లో కూడా ఇంత బాగా చూసుకోనని ఆమెతో అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. పొద్దుటి సూదులు రెండూ, రోజంతటికీ ఒకటి, తిండికి ఒకటి, వేసుకుని, ఉప్మా తిని బస్సెక్కాం.

దాహం బస్సులోనే మొదలైంది. మే నెల ఎండ, కిటికీలోంచి వడగాలి, బస్సులో ఎవరికి దాహం లేదని? నేనూ అందరిలాగే అనుకున్నాను. కొల్లాపూర్‌లో దిగితే బజారంతా మామిడిపండ్లే. ఆ వాసనకు కడుపు నిండినవాడికైనా నోరూరుతుంది. మా ఆయన నవ్యకోసం ఒక సంచెడు కొన్నాడు. నేను మిషనుతో చూసుకుంటే షుగర్ ఎక్కువే ఉంది. ప్రయాణం కదా, వేళ తప్పింది కదా అని సర్దిచెప్పుకుని, మధ్యాహ్నం నాలుగు యూనిట్లు ఎక్కువే వేసుకున్నాను. సోమశిల చేరి గదిలో దిగాక కూడా తగ్గలేదు. నీళ్ళు తాగడం, బయటికి పోవడం, మళ్ళీ నీళ్ళు తాగడం. కాళ్ళలో సత్తువ లేదు. నవ్య కిటికీలోంచి నది చూస్తూ "రేపు పొద్దుగాలనే పోదాం అమ్మా, ఎండెక్కకముందు" అంటుంటే, "పోదాం బిడ్డా" అన్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పబుద్ధి కాలేదు.

పొద్దున బోటు దగ్గర వరుసలో నిలబడ్డాం. నీళ్ళు తళతళ మెరుస్తున్నాయి. నాకు కడుపులో నొప్పి, నోరంతా ఎండిపోయి ఉంది. ఒక బండ మీద కూర్చుని వేలు పొడుచుకున్నాను. మిషను పట్టుకున్నది నవ్య.

"అమ్మా, ఇది హాయ్ అంటున్నది."

షుగర్ ఆ మిషను లెక్కకు కూడా అందనంత పెరిగితే అది అంకె చూపదు, హెచ్, ఐ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూపుతుంది. ఎక్కువ అని దాని అర్థం. నా బిడ్డ దాన్ని పలకరింపు అనుకుంది. మామూలు రోజైతే పడీపడీ నవ్వుకునేవాళ్ళం. నేను అక్కడే, ఆ బండ పక్కనే, వాంతి చేసుకున్నాను.

మా ఆయన వీపు నిమిరాడు, నీళ్ళిచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. పండు తిన్నవా?"

"తినలే."

"తినకుంటె గింత ఎట్ల పెరుగుతది?"

"తినలేదయ్యా! కావాలంటె నా నోరు వాసన చూడు."

రోషంతో అన్నాను. ఆయన నిజంగానే వంగి చూశాడు. చూసి, తలెత్తాడు. "పండు వాసనొస్తున్నది సుజాతా" అన్నాడు.

ఆ క్షణం నాకు చావు భయం కంటే అవమానమే ఎక్కువైంది. తినలేదని నాకు తెలుసు. కానీ నా నోరే నా మీద సాక్ష్యం చెబుతుంటే ఇంకేం మాట్లాడను? నవ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నా కూతురు నన్ను దొంగతిండి మనిషి అనుకుంటుందేమోనని ముఖం తిప్పుకున్నాను. బోటు వచ్చి మనుషుల్ని ఎక్కించుకుని మా ముందే వెళ్ళిపోయింది.

అక్కడినుంచి ఆటోలో కొల్లాపూర్, కొల్లాపూర్ నుంచి అంబులెన్సులో నాగర్‌కర్నూల్. దారి నాకు సరిగా గుర్తు లేదు. ఊపిరి బరువుగా తీస్తున్నానని, నవ్య నా చెయ్యి వదల్లేదని తర్వాత చెప్పారు. దవాఖానలో మంచం దొరికేదాకా వరండాలో బెంచీ మీద పడుకోబెట్టారు. పక్కన కొడుకుకు జ్వరమని వచ్చిన ఒక పెద్దామె ఉంది, ఖాజాబీ. తన కొంగు తడిపి నా పెదవులు తుడిచింది. నవ్యకు తన డబ్బాలోంచి రొట్టె తీసి పెట్టింది. "ఫికర్ జెయ్యకు బేటీ, అమ్మకు ఏం గాదు" అంది. ఆమె పుణ్యమా అని నా బిడ్డ ఆ పూట పస్తుండలేదు. అంతా బాగానే ఉంది గానీ, కాసేపటికి ఆమె కూడా నా మీదికి వంగి, గుసగుసగా, "ఆమ్ తిన్నవా బేటీ?" అని అడిగింది. కళ్ళు తెరవలేని స్థితిలో కూడా నాకు కోపం వచ్చింది. కొల్లాపూర్ దిక్కునుంచి మామిడికాలంలో వచ్చిన షుగర్ మనిషిని ఇంకేం అడుగుతారులే.

సెలైను ఎక్కింది, కొత్త ఇన్సులిన్ పడింది. మర్నాటికి మనిషినయ్యాను. చూపు నిలబడింది, దాహం తగ్గింది. మా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నా కాళ్ళు పిసుకుతున్నాడు గానీ నాతో మాట్లాడడం లేదు. ఆయన మౌనమంతా ఒక్క పండు గురించే అని నాకు తెలుసు. అడగడు, నమ్మడు. బతికించుకోవాలని అంత పరుగు పెట్టిన మనిషి ఆ ఒక్కమాట నమ్మలేకపోతున్నాడని నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు వచ్చింది మా వదిన. వనపర్తి నుంచి మొదటి బస్సు పట్టుకుని, జావ కాచి తెచ్చింది. అదే సమయానికి డాక్టరమ్మ వచ్చి, ఏం తిన్నారని, మందు వేళకు వేసుకున్నారా అని అడుగుతోంది. మా ఆయన తలొంచుకుని, "మామిడిపండు తిన్నదేమో మేడం" అన్నాడు.

వదిన జావ గిన్నె కింద పెట్టింది.

"ఏందిరా శీనూ, ఏమంటున్నవ్? నా మరదలు పండు తిని తినలేదంటదా? మా ఇంట్ల పాల ఐసు ఇస్తె నాలికకు గూడ తాకియ్యలే. ఎన్నేండ్ల సంది చూస్తున్న ఆమెను! నోటికి తాళమేసుకుని బతుకుతున్నది. గామె మీద నింద ఏస్తవా?"

నాకు కళ్ళు చెమర్చాయి. ఒక్కరు, ఈ లోకంలో ఒక్కరు నన్ను నమ్మారు. వదిన అంతటితో ఆగలేదు, డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మందు గూడ మంచిగనే ఉండె డాక్టరమ్మా. కరెంటు పోతే కింది అర ఉడుకైతదని నేనే మీది అరల, ఐసు నడుమ పెట్టిన. తెల్లారి చూస్తె బిర్రుగ గడ్డ కట్టింది. గంత సల్లగ పెట్టిన! పొయ్యి పక్కన పెడితె మళ్ల కరిగి నీళ్లోలె అయ్యింది. చుక్క గూడ కారిపోలే."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది. మా ఆయన చేతులు నా కాళ్ళ మీద ఆగాయి. నేను వదిన ముఖం చూస్తున్నాను. ఆమె ఇంకా గర్వంగానే నిలబడి ఉంది, నన్ను గెలిపించానని.

డాక్టరమ్మ మంచిది. గొంతు పెంచలేదు. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే దాని బలం పోతుందని, కరిగాక చూపుకు మామూలుగానే ఉన్నా పనిచేయదని, ఎండ ఎంత చెడ్డదో ఐసూ అంతేనని నెమ్మదిగా చెప్పింది. అంటే వనపర్తిలో లేచిన పొద్దుటినుంచి నేను పొడుచుకున్నవన్నీ ఉత్త నీళ్ళతో సమానం. నోట్లో పండు వాసన కూడా పండుది కాదట. ఇన్సులిన్ అందక ఒళ్ళు తన కొవ్వును తానే కరిగించుకుంటే ఊపిరికి అట్లాంటి వాసన వస్తుందట.

"అంటె... నేనేనా డాక్టరమ్మా?" అంది వదిన. ఆమె ఉన్నచోటనే నేల మీద కూలబడి, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

అబద్ధమెందుకు, నాకు ముందు కోపమే వచ్చింది. చచ్చిపోయేదాన్ని కదా అనుకున్నాను. డబ్బా ఎవరి చేతికీ ఇవ్వనని పెట్టుకున్న నియమం ఒక్కసారి తప్పితే ఇంత పనయింది కదా అనుకున్నాను. కానీ ఆ కొంగు వెనక వినబడిన ఏడుపు నా కోపాన్ని నిలబడనీయలేదు. నన్ను కాపాడబోయి తన తప్పు తానే బయటపెట్టుకున్న మనిషిని ఎట్లా కోప్పడను? మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుని, "నన్ను తిట్టు సుజాతా" అన్నాడు.

"తిడత. ఇంటికి పోయినంక తీరుబడిగ తిడత. ఈడ జనమున్నరు."

ఖాజాబీ వినేసింది. కొడుకును పడుకోబెట్టిన పక్కమంచం దగ్గర్నుంచి ఆమె నవ్విన నవ్వుకు మా ఆయన కూడా నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు. జావ నవ్యతో తాగించింది గానీ నా మంచం దగ్గరికి రాలేదు.

జూన్‌లో మళ్ళీ నా కుట్టు మిషను ముందు కూర్చున్నాను. ఒళ్ళు కోలుకుంది, ధైర్యమే కోలుకోలేదు. ఇంకెక్కడికీ వద్దని తేల్చేసుకున్నాను. నవ్య బోటు మాటే ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వదిన ఫోను చేసేది గానీ తమ్ముడితోనే మాట్లాడేది. నేను తీసుకుంటే "తిన్నవా? మంచిగున్నవా?" అని, చివర "ఉంట మరి" అని పెట్టేసేది. అంతే. సల్లగుండు అనడం లేదు. ఆ మాట ఆమె నోటికి రావడం మానేసింది. మొదట్లో గమనించలేదు. గమనించాక ప్రతి ఫోనులోనూ దానికోసం ఎదురుచూసేదాన్ని. వానాకాలమంతా అట్లాగే గడిచింది. చేదబావిలో బిందె జారవిడుచుకున్నట్టు ఏదో వెలితి.

దసరా సెలవులు దగ్గరపడ్డాక ఇక ఆగలేక నేనే ఫోను చేశాను.

"వదినా, మళ్ల సోమశిల పోతున్నం. నువ్వు గూడ రావాలె. డబ్బా నువ్వే పట్టుకోవాలె."

"నా చేతికియ్యకు పిల్లా. నీకు దండం పెడత" అంది.

"నీ చేతికి గాకుంటె ఎవరికిస్త? ఐసు పెట్టొద్దని నీ అంత బాగ ఇంకెవరికి తెల్సు?"

అవతల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

ఈసారి అన్నీ ఒకే డబ్బాలో పెట్టలేదు. సగం పెన్నులు నా దగ్గర, సగం వదిన దగ్గర. అవసరానికి మించి తీసుకున్నాను. ఒక చోట చెడితే ఇంకో చోట ఉంటుంది. షుగర్ తగ్గకపోతే తిండిని అనుమానించేముందు మందును అనుమానించాలని మా ఆయనకు పదిసార్లు చెప్పి, పదిసార్లూ ఒప్పించాను. కొత్త పెన్ను తెరిచి వేసుకోవాలి, అయినా తగ్గక వాంతులైతే దవాఖానకు పోవాలి, అంతేగానీ ఇంట్లో పంచాయితీ పెట్టకూడదు.

వనపర్తి బస్టాండులో వదిన చంకన ఒక కొత్త గురిగితో ఎక్కింది. చిన్న మట్టికుండ అది. చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది. పెన్నులు తడవకుండా మూతగట్టి డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను గురిగిలో దించింది. దారిపొడవునా గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తూ, చెయ్యి లోపల పెట్టి చూస్తూ, పసిపిల్లను ఒళ్ళో పెట్టుకున్నట్టే కూర్చుంది. కొల్లాపూర్‌లో అప్పుడు మామిడిపండ్లు లేవు. మా ఆయన జామకాయలు కొని, నన్ను అడిగి మరీ తిన్నాడు.

బోటు ఎక్కాం. నది నిండుగా ఉంది. నవ్య ముందుకు పోయి కూర్చుని, జుట్టంతా గాలికి వదిలేసి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ ముఖం నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఊరికే నవ్వింది.

అవతలి ఒడ్డున నీడలో కూర్చుని చద్ది మూటలు విప్పాం. వదిన గురిగిలోంచి పెన్ను తీసి, చెంపకు ఆనించి చూసుకుని నాకిచ్చింది. నేను పెన్నుకు సూది బిగించి, ఆమె తల తిప్పుకోవడం కోసం ఆగాను. తిప్పుకోలేదు. పెదవులు బిగబట్టి, నేను పొడుచుకోవడం మొత్తం చూసింది. తీసేసేదాకా చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత తడిచేతిని నా నెత్తిన పెట్టింది.

"సల్లగుండు పిల్లా" అంది. అని, వెంటనే నాలుక కరుచుకుంది. "గడ్డ కట్టేటంత గాదు."